నా పేరు మీద ఉన్న కారు

కారు అమ్మేసి నలభై రోజులైంది. డబ్బు ముట్టింది, తాళాలు రెండూ ఇచ్చేశాం, వెనక సీటు కింద ఉండిపోయిన నా గొడుగు కూడా కొన్నాయన తెచ్చి ఇచ్చేశాడు. ఇక ఆ బండితో నాకు ఏ సంబంధమూ లేదనుకున్నాను. ఆ సాయంత్రం స్కూలు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే పోలీసు స్టేషను నుంచి ఫోనొచ్చింది.

"మేడం, ఈ నంబరు కారు మీదేనా అండి?" అని అవతలి మనిషి నంబరు చదివాడు.

పదకొండేళ్ళుగా నోటికి వచ్చిన నంబరు. "నాదే" అనేసి, వెంటనే "కాదండి, అమ్మేశాం" అన్నాను.

"ఇక్కడ మీ పేరే చూపిస్తోందండి. పొద్దున్న ధవళేశ్వరం దాటాక కాలవ రోడ్డు మీద సైకిలాయన్ని గుద్దింది. మధ్యాహ్నం ఆస్పత్రిలో చనిపోయాడు. ఓనరుగా మీరొకసారి స్టేషనుకి రావాలండి."

నాకు ముందుగా ఏం తోచిందో దాచను. అయ్యో పాపం అని కాదు, ఓనరు నేను కాదు కదా అని. చనిపోయిన మనిషి పేరు, వయసు అడగాలని కూడా అనిపించలేదు. ఫోను పెట్టేశాక మా వారితో చెప్పిన మొదటి మాట కూడా అదే. "చూడండి, వాళ్ళింకా నా పేరే చూపిస్తున్నారట" అన్నాను, కరెంటు బిల్లులో తప్పు పడినట్టు.

కారు కొన్నది మా హైస్కూలు డ్రిల్లు మాస్టారు. నేను అదే స్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. ఆయనది కోనసీమలో ఒక చిన్న ఊరు, ఉద్యోగం కోసం ధవళేశ్వరంలో ఇల్లు కట్టుకున్నాడు. పిల్లల్ని పది నిమిషాలు ఎండలో నిలబెట్టడానికి మనసొప్పని డ్రిల్లు మాస్టారు ఎక్కడైనా ఉంటాడా అని స్టాఫ్ రూములో ఆయన్ని ఆటపట్టించేవాళ్ళం. ఆయన నవ్వి ఊరుకునేవాడు. అలాంటి మనిషి ఆ పొద్దున్న అత్తవారి ఊరికి బయల్దేరి, మొక్కల లోడుతో వెళ్తున్న లారీని కాలవ మలుపులో దాటబోయాడు. ఎదురుగా సైకిలు వచ్చింది. తప్పు నాదేనని స్టేషనులో ఆయనే చెప్పాడు. పారిపోలేదు. దెబ్బ తగిలిన మనిషిని అదే కారులో పడుకోబెట్టుకుని రాజమండ్రి ఆస్పత్రికి తెచ్చాడు. నేను స్టేషనుకి వెళ్ళేసరికి చొక్కా మీద రక్తంతో బెంచీ చివర కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, స్కూల్లో అలవాటు కొద్దీ.

చనిపోయినాయన కడియం దగ్గర ఒక నర్సరీలో మొక్కలకు అంట్లు కట్టే పనివాడు. నలభై దాటి రెండేళ్ళు. భార్య, ఇద్దరు ఆడపిల్లలు. ఈ వివరాలు నాకు ఎఫ్ఐఆర్ చదివితే తెలిశాయి.

మూఢం సంగతి చెప్పకపోతే ఇదంతా నా మెడకెలా చుట్టుకుందో ఎవరికీ అర్థం కాదు.

మేం బేరం కుదుర్చుకునేసరికి శుక్ర మూఢం వచ్చిపడింది. రెండు నెలల పైచిలుకు. ఆ రోజుల్లో పెళ్ళిళ్ళుండవు, గృహప్రవేశాలుండవు, పట్టింపున్న వాళ్ళు కొత్తగా ఏదీ తమ పేరున పెట్టుకోరు. డ్రిల్లు మాస్టారు మా ఇంటికొచ్చి కాఫీ తాగుతూ, "పేరు మార్పు మూఢం వెళ్ళాక పెట్టుకుంటానండి మేడం. మంచిరోజు చూసి బండి అన్నవరం తీసుకెళ్ళి పూజ చేయించి, ఆ రోజే ఆన్‌లైన్లో మార్పించేస్తాను. మా ఆవిడకి కాస్త పట్టింపండి" అన్నాడు. మరి అందాకా బండి ఇక్కడే ఉంటుందా అని అడిగితే, "నడపడానికేముందండి, పాత బండే కదా" అన్నాడు. శుక్రుడు కనపడని రోజుల్లో సంతకం పనికిరాదు గానీ గేరు వేయొచ్చు. బదిలీ ఫారాల మీద నా సంతకాలన్నీ పెట్టించుకుని ప్లాస్టిక్ కవర్లో భద్రం చేసుకున్నాడు. మూఢం వెళ్ళేదాకా అవి వాళ్ళ బీరువాలోనే ఉండాలి.

నేను మూఢాలు పట్టించుకునే మనిషిని కాను. శుక్రుడు సూర్యుడికి అవతలి పక్కకు వెళ్ళినప్పుడు ఆ వెలుగులో మన కంటికి ఆనడని బోర్డు మీద మూడు గుండ్రాలు గీసి ఏటా చెప్పేదాన్ని. కనపడనంత మాత్రాన ఎక్కడికీ పోడర్రా అని కూడా అనేదాన్ని. మరి ఆ రోజు నేనేం చేశాను? మా వారు పంచాంగం తెరిచి తేదీలు చూస్తుంటే పక్కన కూర్చుని తలూపాను. వాళ్ళ నమ్మకం వాళ్ళది, మనకెందుకు, కాదంటే నొచ్చుకుంటారు అనుకున్నాను. అది మర్యాద అనుకున్నాను. బద్ధకమని ఇప్పుడు తెలుస్తోంది.

ఇన్సూరెన్సు గడువు కూడా ఆ మధ్యలోనే తీరిపోతుందని మా ముగ్గురికీ తెలుసు. "ఇప్పుడు మీ పేరున కట్టి మళ్ళీ నెలకి నా పేరుకి మార్పించడం దేనికండి, రెండూ ఒకేసారి చేయించేస్తాను" అన్నాడాయన. సబబుగానే వినిపించింది. కంపెనీ నుంచి నా ఫోనుకి మెసేజీలొచ్చాయి, గడువు దగ్గరపడుతోంది కట్టండి అని. మొదటిది చూసి వదిలేశాను. రెండోదీ అంతే. మూడోది స్టాఫ్ రూములో ప్రశ్నపత్రాలు సర్దుతూ చూసి విసుగుతో తుడిపేశాను. బండి నాది కాదని వీళ్ళకింకా తెలిసి చావలేదు అనుకున్నట్టు కూడా గుర్తు. కాలవ రోడ్డు మీద ఆ మనిషి పడిపోయేనాటికి ఆ పాలసీ చచ్చి తొమ్మిది రోజులు.

మా వారు నీటిపారుదల ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఆయనకు తెలిసిన ప్లీడరు గారి దగ్గరికి వెళ్ళాం. పెద్దాయన, మెత్తగా మాట్లాడతారు. కాగితాలన్నీ చూసి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఆర్సీలో ఎవరి పేరుంటే చట్టానికి వాళ్ళే ఓనరు మేడం. మీరు డబ్బు తీసుకున్నా, తాళం ఇచ్చినా అంతే. కొన్నవాడు మార్పించుకోవడం సరే, అమ్మినట్టు మీరు కూడా పద్నాలుగు రోజుల్లో రవాణా ఆఫీసుకి తెలియజేయాలి. తెలియజేశారా?"

"ఆయన చేస్తానన్నారండి."

"ఇన్సూరెన్సు బతికుంటే కంపెనీయే కట్టేది, మీకు ఈ తలనొప్పి ఉండేది కాదు. ఇప్పుడు కంపెనీ పక్కకి తప్పుకుంటుంది. ఇక మిగిలింది నడిపినాయన, మీరు."

నడిపినాయన దగ్గర ఏముందో నాకు తెలుసు. ఇల్లు భార్య పేరున ఉంది, జీతంలో సగం ఇంటి అప్పు వాయిదాలకే పోతుంది. అంటే చనిపోయినాయన భార్యకీ పిల్లలకీ ఎంతో కొంత అందాలంటే అది నా దగ్గర్నుంచే రావాలి. నాకు రిటైర్‌మెంటు ఇంకా ఏడాదిన్నర ఉంది. వచ్చే డబ్బుతో మేడ మీద రెండు గదులు వేసుకుందామని మా వారు అప్పటికే కాగితం మీద గీతలు గీసి పెట్టుకున్నారు. ఆ పూట ప్లీడరు గారి ఆఫీసులో నాకు ఆ గదులు పోతున్నాయన్న బాధే తెలిసింది. సిగ్గుగా ఉన్నా నిజం చెబుతున్నాను.

లేచి వస్తుంటే, "వాళ్ళింటికి ఒకసారి వెళ్ళి పలకరించి రానా అండి?" అని అడిగాను.

"పొరపాటున కూడా వెళ్ళకండి. వెళ్తే తప్పు ఒప్పుకున్నట్టే. రేపు కోర్టులో 'ఫలానా రోజు వచ్చి ఏడ్చింది' అంటారు" అన్నారాయన.

మా వైపు ఒక ఇంట్లో మనిషి పోతే, పగవాళ్ళయినా గుమ్మం దాకా వెళ్ళి నిలబడి వస్తారు. మాటలేమీ ఉండవు. కాసేపు కూర్చోవడమే, లేచేటప్పుడు వెళ్ళొస్తానని చెప్పకుండా రావడమే. నా పేరు మీద ఉన్న కారు గుద్ది మనిషి పోతే, ఆ ఇంటికి వెళ్ళకూడని మనిషిని ఈ చుట్టుపక్కల నేనొక్కదాన్నే. ఆ కాలవ రోడ్డు మీదుగా కడియంలో టీచర్ల మీటింగుకి రెండుసార్లు వెళ్ళాను. ఏ సందులో వాళ్ళ ఇల్లో కనుక్కోవడం కష్టమేం కాదు. బస్సు దిగలేదు. ప్లీడరు గారి మాట నాకు అడ్డమైందో, నాకు కావలసిన అడ్డమే ఆయన ఇచ్చారో అప్పుడు ఆలోచించలేదు.

నాలుగు నెలలకు కోర్టు నుంచి నోటీసొచ్చింది. చనిపోయినాయన భార్య నష్టపరిహారం కోసం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో కేసు వేసింది. దానికి మన జవాబు దాఖలు చేయాలి, కౌంటరు అంటారు. ప్లీడరు గారి గుమాస్తా టైపు చేయించి, కోర్టు ఎదుట జిరాక్సు షాపుకి రమ్మన్నాడు. ఆరు పేజీలు, ఇంగ్లీషులో. సంతకం పెట్టాల్సిన చోటల్లా పెన్సిలుతో ఇంటూ గుర్తులు. నాకు మూడో పీరియడుకి స్కూల్లో ఉండాలి. షాపువాడి కౌంటరు మీద కాగితాలు పెట్టి, గుర్తున్న చోటల్లా గబగబా పెట్టేశాను.

జవాబు పత్రాల విషయంలో నాకు చెడ్డపేరుండేది. అడిషనల్ షీటు చివర 'దయచేసి పాస్ చేయండి మేడం' అని రాసినవాడికి కూడా అక్కడే ఎర్ర ఇంకుతో జవాబు రాసేదాన్ని. అంత చివరిదాకా చదివేదాన్ని. ఈ ఆరు పేజీల్లో ఒక్క వాక్యం చదవలేదు.

ఆ తర్వాత వాయిదాలు. వాయిదా అంటే ఏమిటో కోర్టుకి వెళ్ళినవాళ్ళకే తెలుస్తుంది. పొద్దున్న పదిన్నరకు వెళ్ళి, వరండాలో నిలబడి, పేరు పిలిస్తే లోపలికి పోయి, ఇంకో తేదీ రాయించుకుని రావడం. చాలావాటికి నేను వెళ్ళేదాన్ని కాదు, ప్లీడరు గారే చూసుకునేవారు. "తొందర మనకి లేదు మేడం. కాలం గడిచేకొద్దీ వాళ్ళే దిగొస్తారు, అప్పుడు ఎంతో కొంతకు తెగ్గొడదాం" అనేవారు. ఏడాది దాటింది. నా రిటైర్‌మెంటు అయిపోయింది. శాలువా కప్పారు, దండలు వేశారు. ఆ కేసు గురించి ఎవరూ ఎత్తలేదు. డ్రిల్లు మాస్టారు మాత్రం సభ అయ్యేదాకా గేటు దగ్గరే నిలబడ్డాడు, దగ్గరికి రాలేదు. ఆయన మీద క్రిమినల్ కేసు విడిగా నడుస్తోంది. అప్పటికి బాగా చిక్కిపోయాడు.

ఇంట్లో ఖాళీగా ఉండడం కొత్త కాబట్టి ఆ తర్వాతి వాయిదాకు నేనే వెళ్ళాను. ఆ రోజు చనిపోయినాయన భార్యని మా ప్లీడరు గారు ప్రశ్నించే రోజు. అంతకుముందు అయిదుసార్లు వాయిదా పడింది. నేను వెనక బెంచీలో కూర్చున్నాను. బోనులోకి వెళ్ళిన మనిషి నేననుకున్నదానికన్నా చిన్నది. పచ్చ వాయిలు చీర, జేబురుమాలు మడతలో పెట్టుకున్న కాగితాలు, గోళ్ళ సందుల్లో మట్టి. భర్త పోయాక తనే నర్సరీ పనికి వెళ్తోందని తర్వాత తెలిసింది.

ప్లీడరు గారు మెత్తగానే అడిగారు. "మీ ఆధార్ కార్డులో భర్త పేరు లేదు కదమ్మా?"

"మా నాన్న పేరుందండి. మార్పించుకోలేదండి."

"అంటే మీరు చనిపోయిన వ్యక్తి భార్య కాదు."

ఆవిడకి అది ప్రశ్నో కాదో అర్థం కాలేదు. "భార్యనేనండి" అంది.

"కాదు. పరిహారం కోసం అలా చెప్పుకుంటున్నారు."

"భార్యనేనండి" అని మళ్ళీ అని, జడ్జి గారి వైపు చూసి, "పదిహేడేళ్ళండి" అంది.

ఆయన ఎందుకిలా అడుగుతున్నారు, ఎవరు అడగమన్నారు అనుకున్నాను. ఆయన తర్వాతి ప్రశ్నతో జవాబు దొరికింది. చనిపోయినాయన ఆ పొద్దున్న తాగి సైకిలు తొక్కాడని రెండో రెస్పాండెంటు కౌంటరులో చెప్పిందంటూ చదివారు. రెండో రెస్పాండెంటు అంటే నేను.

బయటికొచ్చి వరండాలో స్తంభం పక్కన నిలబడ్డాను. కాసేపటికి ఆవిడ నా దగ్గరికే వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిడితే బావుండునని కూడా అనుకున్నాను.

"కారు మేడం గారు మీరేనా అండి?"

అవునన్నాను.

"నేను ఆయన పెళ్ళాన్ని కాదని మీరు రాశారంటండి. మీకెవరు చెప్పారండి? మా ఊళ్ళో ఎవరన్నా చెప్పారా?"

వెటకారం కాదది. నిజంగానే అడుగుతోంది. ఊళ్ళో ఎవరో గిట్టనివాళ్ళు రాజమండ్రి దాకా వచ్చి నాకు చాడీలు చెప్పారని ఏడాదిగా అనుకుంటోందావిడ. తోడికోడలి మీద అనుమానపడి మాటలు కూడా మానేసిందట. లాయర్లు అలాగే రాస్తారమ్మా అన్నాను, లాయరు రాస్తే నాకేం సంబంధం లేనట్టు.

ఆవిడ తలూపింది. "భార్యనని రుజువు కావాలన్నారని మా ప్లీడరు గారు పెళ్ళి ఫొటో తెమ్మన్నారండి. గోడ మీది ఫ్రేములోంచి తీసి ఇచ్చేశాను. అదెప్పుడిస్తారో మీకేమన్నా తెలుసా అండి? ఆయనది అదొక్కటేనండి. ఆధార్లో ఉంది గానీ అది ఆయనలా ఉండదండి."

తెలుసుకుని చెబుతానన్నాను. ఆవిడ బస్సుకి టైమైందని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం బీరువాలోంచి నా కౌంటరు కాపీ తీసి వీధి అరుగు మీద కూర్చుని చదివాను. ఇంగ్లీషు పెద్ద కష్టమైనదేం కాదు. ప్రమాదం జరిగిందన్నది నిజం కాదు. చనిపోయిన వ్యక్తి వయసు నిజం కాదు. అతను పని చేసేవాడన్నది నిజం కాదు. మొదటి పిటిషనరు అతని భార్య అన్నది నిజం కాదు. పిల్లలు అతని పిల్లలన్నది నిజం కాదు. అతను తాగి ఉన్నాడు. కింద నా సంతకం, నా గుండ్రటి అక్షరాలతో, ముప్ఫై రెండేళ్ళు ప్రోగ్రెస్ కార్డుల మీద పెట్టిన సంతకమే. ఆ పిల్లలు వాళ్ళ నాన్నకు పుట్టలేదని నేను రాసిచ్చాను. ఆ పేజీ చదివాక నా మీద నాకు అసహ్యం వేసింది. ఇంకో మాట దొరకడం లేదు.

మర్నాడు ప్లీడరు గారి దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళి గొంతు పెంచాను. ఆయన నొచ్చుకున్నారు గానీ కోప్పడలేదు.

"నేను రాసే కౌంటర్లన్నీ ఇలాగే ఉంటాయి మేడం. మా గురువు గారు రాసినవీ ఇంతే. పిటిషన్లో ఉన్నదాన్ని దేన్నీ ఒప్పుకోకూడదు. కాదనకపోతే ఒప్పుకున్నట్టని చట్టమే అంటుంది. రుజువు చేసుకోవడం వాళ్ళ పని. ఇందులో ఆవిడ మీద ఎవరికీ కక్ష లేదు."

"కక్ష లేకుండానే ఇంత మాట అనొచ్చా అండి?"

"కోర్టులో అది మాట కాదు మేడం, ఒక పద్ధతి."

ఆయన మీద నాకిప్పటికీ కోపం లేదు. ఆయన పద్ధతి ఆయనది. కానీ పద్ధతి రాసింది ఆయనైనా అబద్ధం ఆడింది నేను. ఫొటో సంగతి అడిగాను. కోర్టులో సాక్ష్యంగా నంబరు పడిన కాగితం కేసు తేలి, అప్పీలు గడువు కూడా దాటితే గానీ వెనక్కి రాదన్నారు. రాజీ పడితే అప్పీలుండదు కాబట్టి అప్పుడే ఇచ్చేస్తారన్నారు.

నా సాక్ష్యం వాయిదా దగ్గరపడింది. బోనెక్కి నిజం చెబుతానని మా వారితో అనడమే కష్టమైంది. ఆయన చెడ్డమనిషి కారు. జీవితమంతా ఫైళ్ళ మధ్య బతికారు కాబట్టి కాగితం మీద ఒప్పుకోవడమంటే ఆయనకు భయం.

"నువ్వు బోనెక్కి అవునంటే మొత్తం మన నెత్తినే పడుతుంది" అన్నారు.

"పడాల్సింది మన నెత్తినే కదండి. మెసేజీలు నాకు రాలేదా?"

"చేస్తానన్నవాడు ఆయన."

"చేయకపోయినా ఏం కాదని తలూపింది మనం. పంచాంగం తీసింది మీరు."

అది అనకుండా ఉండాల్సింది. రెండు రోజులు మాట్లాడలేదాయన. అన్నం పెడితే తిని లేచేవారు. మూడో రోజు, నేను కోర్టుకి బయల్దేరుతుంటే, గుమ్మంలో చెప్పులేసుకుని నిలబడి ఉన్నారు. స్కూటరు బయటికి తీశారు. కోర్టు గేటు దగ్గర దింపి, "మేడ మీద వేసవిలో వేడెక్కిపోతుంది, గదులు వేసినా ఎవరూ పడుకోరు" అన్నారు. ఆయనకు క్షమించడం అంతకన్నా చేతకాదు. నాకది చాలు.

బోనులో ప్రమాణం చేయించారు. అవతలి ప్లీడరు గారు కౌంటరు చేత్తో పట్టుకుని అడిగారు. "మొదటి పిటిషనరు చనిపోయిన వ్యక్తి భార్య కాదని రాశారు. ఆ సంగతి మీకెలా తెలుసు?"

"తెలియదండి. అది నిజం కాదు. చదవకుండా సంతకం పెట్టాను. ఆవిడ ఆయన భార్యే, పిల్లలు ఆయన పిల్లలే. ఆయన తాగి ఉన్నాడన్నది కూడా నాకు తెలియదు. కారు నా పేరునే ఉంది. ఇన్సూరెన్సు గడువు తీరుతోందని నాకు మూడుసార్లు చెప్పారు, నేను కట్టలేదు."

"అడిగినదానికే చెప్పండమ్మా" అన్నారు జడ్జి గారు. అయినా నేను చెప్పిందంతా టైపిస్టుకి చెప్పి రాయించారు. మా ప్లీడరు గారు తన కాగితాల్లోకి తల దించుకున్నారు. ఆయన అన్నేళ్ళ ప్రాక్టీసులో ఇలాంటి క్లయింటు తగిలి ఉండదు.

అంతటితో తేలిపోలేదు. ఇంకో నాలుగు నెలలు పట్టింది. లోక్ అదాలత్‌లో రాజీకి వచ్చాం. నా రిటైర్‌మెంటు డబ్బులో పెద్ద భాగం వెళ్ళింది. మిగతాది డ్రిల్లు మాస్టారు నెలనెలా కడతానని రాసిచ్చాడు, కడుతున్నాడు. ఆయన సంతకం పెట్టేటప్పుడు పక్కన నిలబడి కాగితం పట్టుకున్నాను. ప్రతి పేజీ చదివాను, ఆయన కూడా చదివేదాకా ఊరుకోలేదు.

డబ్బు ఆవిడ పేరునా పిల్లల పేరునా బ్యాంకులో పడ్డ వారానికి, కాగితాలు వెనక్కిచ్చే రోజున నేనూ కోర్టుకి వెళ్ళాను. నాకక్కడ పనేమీ లేదు. ఎందుకు వెళ్ళానో నాకు తెలుసు. ఆవిడ ఒక మంచి మాట అంటుందని వెళ్ళాను. నేను చేసిన పని చిన్నదేం కాదని లోపల ఎక్కడో అనుకుంటూనే ఉన్నాను. ఇల్లు గుల్ల చేసుకుని నిజం చెప్పినవాళ్ళు ఎంతమంది ఉంటారని కూడా అనుకున్నాను.

గుమాస్తా ఆవిడ చేత సంతకం పెట్టించుకుని కవరు ఇచ్చాడు. ఆవిడ అక్కడే ఫొటో బయటికి తీసింది. కొత్త బట్టల్లో ఇద్దరూ నిలబడి ఉన్నారు. ఆయన ఎవరో ఏదో అన్నట్టు పక్కకి చూసి నవ్వుతున్నాడు. నేను ఆ మనిషి మొహం చూడడం అదే మొదలు. ఫొటో వెనక ఎర్ర ఇంకుతో కోర్టు నంబరు, ముద్ర. ఆవిడ కొంగుతో ముందువైపు తుడిచింది, వెనక్కి తిప్పి ఆ ముద్రను కూడా తుడవబోయింది. అది పోలేదు.

అప్పుడు నన్ను చూసింది. దగ్గరికి వచ్చి దణ్ణం పెట్టింది. గొంతులో కోపమేమీ లేదు.

"ఆ రోజు బోనులో చెప్పిన మాట మొదట్లోనే చెప్పాల్సిందండి మేడం గారు. సంవత్సరీకం నాడు మా పిల్లలు ఖాళీ ఫ్రేముకి దండ వేశారండి."